హోలోగ్రాఫీని కనిపెట్టిన డెన్నిస్ గాబోరు

ఉప్పల్ నుండి హబ్సిగూడ మీదుగా తార్నాకకు పోవు బాటను మన విద్యార్థులలో ననేకులు ప్రతిదినము దాటుచుందురు. ఆ బాట ప్రక్కన 1961వ సంవత్సరమున స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనాలయము గలదు. దానికి సమీపముననే, జనులు సి.సి.యం.బి. యని పిలుచు జీవకణ పరిశోధన కేంద్రము గలదు. దాని భవనములు 1987వ సంవత్సరమున జాతికి అంకితమయ్యెను. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియావారి శిక్షణాలయమును గలదు. మొదటిచోట భూమిలోపలి పొరలను, రెండవచోట ఒట్టికంటికి కానరాని కణములను, మూడవచోట విమానమునుండి తీసిన చిత్రములలో కొండల యెత్తులను చూచు విద్య నేర్తురు. పనులు వేరువేరైనను ఈ మూటికిని చిక్కొక్కటియే. కాగితముపై పడిన బొమ్మకు పొడవును వెడల్పును గలవు, లోతు లేదు. ఆ పోయిన లోతును తిరిగి తెచ్చుట యెట్లు?

ఈ చిక్కునకు మునుపెవ్వరును ఊహింపని మార్గము చూపినవాడు, హంగేరీదేశమున బుట్టి ఇంగ్లండున స్థిరపడిన డెన్నిస్ గాబోరు. బ్యాంకు కార్డులపై రంగులు మార్చుచు మెరయు చిన్న ముద్రను ఎరుగని బాలుడు నేడుండడు. దానిని హోలోగ్రాము అందురని కూడ ఎరుగును. కాని ఆ విద్యను కనిపెట్టినవాని చరిత్ర నెరిగినవారు తక్కువ. ఆయన పేరులో మన గాబరా యను మాట తొంగిచూచుచున్నను, ఆయన బ్రదుకున తొందరపాటు కంటె నిరీక్షణమే యెక్కువయని చదువరులు మున్ముందు చూతురు.

డెన్నిస్ 1900వ సంవత్సరము జూన్ 5వ తేదీన బుడాపెస్టు నగరమున జన్మించెను. తండ్రి బెర్తలాన్ ఒక గనుల కంపెనీలో డైరెక్టరు. యూదవంశమునకు చెందిన ఈ కుటుంబము 1918లో లూథరన్ సంఘమున జేరెను. బాలుడు పాఠశాలలో చెప్పు పాఠములతో తృప్తినొందక, విశ్వవిద్యాలయమున జేరకమునుపే కలనగణితమును నేర్చుకొని, ఆ కాలమున మిక్కిలి పెద్దదైన భౌతికశాస్త్ర గ్రంథమొకదానిని ఆమూలాగ్రము చదివెను. తమ్ముడు జార్జితో కలసి యింటిలోనే చిన్న ప్రయోగశాల నేర్పరచెను. నిస్తంత్రి వార్తలు, ఎక్స్-కిరణములు, రేడియోధార్మికత మొదలగు నాటి క్రొత్త ప్రయోగములలో పెక్కింటిని ఆ యన్నదమ్ములు ఇంటనే చేసి చూచుకొనిరి.

ఆ దినములలో ఆయన మనస్సును రెండు విషయములు దోచుకొనెను. ఒకటి, సూక్ష్మదర్శినిలో ప్రతిబింబ మెట్లేర్పడునో తెలిపిన జర్మను పండితుడు అబ్బే సిద్ధాంతము. రెండవది, ఫ్రాన్సు దేశీయుడగు గాబ్రియేలు లిప్‌మన్ రంగుల ఛాయాచిత్రములు తీయు పద్ధతి. లిప్‌మన్ రంగుపూతలేమియు వాడక, వెలుగు తరంగములు ఎదురెదురుగా కలిసి నిలిచిపోవు పొరలనే ఫలకమున ముద్రించి, వానినుండి రంగులను రప్పించెను. అందులకు 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరముననే లిప్‌మన్ వేరొక యుపాయమును గూడ ప్రకటించెను: ఈగకంటివలె అనేకములైన చిన్నకటకముల వరుసతో సాధారణపు వెలుగులోనే లోతుగల చిత్రమును తీయవచ్చునని. తరంగముల నెట్లు పట్టి నిలుపవచ్చునో యను ఆలోచన గాబోరు మనస్సున నాటుకొన్నది యీ లిప్‌మన్ పద్ధతి వలననే. అది మొలకెత్తుటకు ముప్పది సంవత్సరములు పట్టినది.

భౌతికశాస్త్రమునందు ఇంత మక్కువగలవాడు ఇంజనీరింగు నేల చదివెనను సందేహము కలుగవచ్చును. నాటి హంగేరీలో భౌతికశాస్త్రము జీవనోపాధికి చాలినది కాదు. దేశమంతటిలోను విశ్వవిద్యాలయములందు ఆచార్యపీఠములు ఆరింటికి మించి లేకుండెను. అంత కొద్ది యుద్యోగములలో నొకటి తనకు లభించునని నమ్ముటకు ఆయనకు ధైర్యము చాలలేదు. ఇదే లెక్కను వేసి చదువులు నిర్ణయించు తల్లిదండ్రులు మనలోను గలరు గావున, ఈ సంగతిని మేము విడువక వ్రాయుచున్నాము.

మొదటి మహాసంగ్రామపు కడపటి నెలలలో డెన్నిస్ ఫిరంగిదళమున జేరి ఉత్తర ఇటలీకి పోయెను. తిరిగివచ్చి బుడాపెస్టులోని సాంకేతిక విశ్వవిద్యాలయమున చదువుచుండగా, 1920లో తనకు ఇష్టములేని ప్రభుత్వము మరల సైనికసేవకు పిలిచెను. ఆయన పోక బెర్లిను నగరమునకు వెడలిపోయి అచ్చటి సాంకేతిక కళాశాలలో విద్య కొనసాగించెను. పేరునకు ఇంజనీరింగు విద్యార్థియే గాని, వీలు చిక్కినప్పుడెల్ల విశ్వవిద్యాలయమునకు బోయి ఐన్‌స్టయిన్, ప్లాంక్, లావే వంటి మహామహుల యుపన్యాసములను వినుచుండెను.

1924లో పట్టమును, 1927లో డాక్టరు బిరుదమును పొందెను. డాక్టరు బిరుదమునకై ఆయన చేసిన పని విద్యుత్తుతీగలలో మెరుపువలె వచ్చిపోవు తరంగములను చూపు యంత్రము. అందులో ఎలక్ట్రానుల ధారను సన్నముగా కూర్చుటకు, ఇనుపకవచముగల పొట్టి తీగచుట్టనొకదానిని అమర్చెను. ఆ చుట్ట యథార్థమునకు ఎలక్ట్రానులకు కటకము. కాని యది కటకమని ఆయన గుర్తింపలేదు. 1926లో హాన్స్ బుష్ అను పండితుడు గణితముచే దానిని నిరూపించిన పిమ్మట సంగతి తేటపడెను. స్నేహితుడైన లియో సిలార్డు బెర్లినులోని కాఫీశాలలో గూర్చుండి, అట్టి కటకములతో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిని నిర్మింపుమని గాబోరును ప్రోత్సహించెనట. ప్రాణముగల పదార్థమును శూన్యమున నుంచలేమనియు, ఎలక్ట్రానుల దెబ్బకు ఏ వస్తువైనను కాలి బొగ్గగుననియు గాబోరు త్రోసిపుచ్చెను. 1931లో క్నోల్, రుస్కా అనువారలు అదే బెర్లినులో దానిని నిర్మించిరి. చేతికందిన ఫలమును పోగొట్టుకొన్నానను చింత ఆయనను చిరకాలము వీడలేదు. తరువాత ఆయన చేసిన గొప్పపని ఈ చింత నుండియే పుట్టినదని మా యభిప్రాయము.

డాక్టరైన పిమ్మట ఆయన బెర్లినులోని సీమెన్స్ కంపెనీలో జేరి పాదరసపు ఆవిరిదీపములపై పరిశోధనలు చేసెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను; యూదవంశీయుడగు గాబోరు ఉద్యోగమును గోల్పోయి హంగేరీకి మరలెను. 1934లో ఇంగ్లండునకు బోయి రగ్బీ పట్టణములోని బ్రిటిష్ థామ్సన్-హూస్టన్ కంపెనీలో పనికి కుదిరెను. 1936లో మార్జొరీ బట్లరు అను యువతిని వివాహమాడెను. వారికి సంతానము లేదు. రెండవ మహాసంగ్రామము రాగా, పుట్టుకచే పరదేశీయుడు గావున రహస్యపు పనులు జరుగు ఆవరణములోనికి ఆయనను రానీయలేదు. కంచెకు వెలుపల ఒక గుడిసెను గట్టి యిచ్చిరి. సహోద్యోగులు లోపల రాడారు మున్నగు యుద్ధకార్యములలో మునిగియుండ, ఈయన వెలుపల గూర్చుండి తనకు తోచిన పరిశోధన చేసికొనుచుండెను. శబ్దములను సంకేతములను చిన్నచిన్న యంశములుగా విడదీయు సిద్ధాంతమొకటి అప్పుడు ఆయన మనస్సున రూపొందెను. దానిని 1946లో ప్రకటించెను. అది నేటికిని గాబోరు పేరనే చెల్లుచున్నది.

1947వ సంవత్సరపు ఈస్టరు పండుగ దినములవి. రగ్బీలో టెన్నిసు ఆటస్థలమున తన వంతుకై బల్లపై కూర్చుండి యెదురుచూచుచుండగా గాబోరునకు ఆ యాలోచన తట్టినది. అప్పటికి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినులు వాడుకలోనికి వచ్చియుండెను గాని వాని కటకములలోని దోషముచే పరమాణువులు కానరాకుండెను. కటకమును సరిచేయుట దుస్సాధ్యము. అట్లయినచో, దోషముతోనే చిత్రమును దీసి, దోషమును పిమ్మట వెలుగు సాయమున దిద్దరాదా? అట్లు దిద్దవలెనన్నచో, చిత్రమున వస్తువును గూర్చిన సమాచారమంతయు నుండవలెను. మామూలు ఛాయాచిత్రమున అది యుండదు. ఏల యుండదు?

ఇచ్చట మన విద్యార్థులు ఒక్కసారి ఉప్పల్ నల్లచెరువును తలచుకొనవలెను. గాలిలేని యుదయమున గట్టున నిలిచి రెండు గులకరాళ్లను కొంచెము ఎడముగా ఒకేసారి నీటిలో వేసినచో రెండు వలయమాలికలు విరిసి ఒకదానితో నొకటి కలియును. అల శిఖరము శిఖరముతో గలిసినచోట నీరు మరింత లేచును. శిఖరము పల్లముతో గలిసినచోట నీరు కదలక నిలుచును. ఈ లేచుచోట్లను నిలుచుచోట్లను ఎవరైన పటముగ గీసియుంచిరనుకొందము. మొదటిరాయి ఎచ్చట పడెనో తెలిసినవాడు ఆ పటమును జూచి రెండవరాయి పడిన తావును లెక్కవేసి చెప్పగలడు. పటమున రెండవరాతి బొమ్మ లేకున్నను దాని జాడ యంతయు నున్నది.

వెలుగును తరంగమే. భూకంపమును గుర్తించు యంత్రము నేల యూగిన తీరు నెల్ల గీతగా వ్రాయును. ఎప్పుడు లేచెనో ఎప్పుడు దిగెనో అందు గలదు. వెలుగు సెకనుకు సుమారు అయిదు కోట్ల కోట్ల పర్యాయములు ఊగును. ఏ ఫలకమును దానిని వెంబడింపజాలదు. ఎంత ప్రకాశము పడెనో అంతమాత్రమే ముద్రించుకొనును. తరంగము ఏ దశలో వచ్చెనో విడిచివేయును. ఆ దశలోనే లోతు దాగియున్నది. గాబోరు కనుగొన్న దేమన, వస్తువునుండి వచ్చు తరంగముతో పాటు, తెలిసిన తరంగము నొకదానిని ఫలకముపై బడనిచ్చినచో, రెండును కలియుటచే నేర్పడిన చారలలో దశకూడ చిక్కుకొనునని. ఫలకమును కడిగి ఆరబెట్టి, మరల ఆ తెలిసిన వెలుగునే దానిపై ప్రసరింపజేసినచో, వస్తువు లేకున్నను వస్తువునుండి వచ్చిన తరంగమే తిరిగి లేచును. సమస్తమను నర్థముగల గ్రీకు పదమునుండి ఆయన దీనికి హోలోగ్రాము అని పేరిడెను.

ఆలోచన చక్కనిదే. దానికి తగిన వెలుగేది? చారలు నిలుకడగా నుండవలెనన్నచో రెండు తరంగములును ఒక తాళమునకు నడువవలెను. దీపములో ఒక్కొక్క పరమాణువు తనయిష్టము వచ్చినట్లు వెలుగును విడుచును. సంతలో జనుల కలకలమున తాళముండునా? నాచారము పారిశ్రామికవాడలో రాత్రులయందు వెలుగు దీపములన్నియు, ఉప్పల్ క్రికెట్ మైదానపు పెనుదీపములును ఈ కలకలపు జాతివే. శాస్త్రజ్ఞులు దీనిని అసంబద్ధకాంతి యందురు.

గాబోరునకు దొరికినది పాదరసపు దీపము. బెర్లినులో తాను పరిశోధించిన పరికరమే రగ్బీలో అక్కరకు వచ్చెను. దాని వెలుగులో ఒక్క రంగునే యేరి తీసినను తాళము పదియవవంతు మిల్లీమీటరు దూరము మాత్రమే నిలుచును. అదియు చాలక, వెలుగంతయు ఒక్క బిందువునుండియే వచ్చునట్లు చేయుటకై, మిల్లీమీటరులో వేయింట మూడువంతుల వెడల్పుగల సూదిబెజ్జము గుండ దానిని పోనీయవలసి వచ్చెను. బెజ్జమును దాటిన వెలుగు ఏపాటిదో చదువరులే యూహింపవచ్చును. గాబోరును, సహాయకుడైన ఐవర్ విలియమ్సును మిక్కిలి సున్నితమైన ఫలకములను వాడినను ఒక్కొక్క చిత్రమునకు కొన్ని నిముషములు వేచియుండిరి. వారు తీసిన వస్తువు ఒక్క మిల్లీమీటరు వెడల్పుగల చదునైన చిన్న బొమ్మ. దానిపై హ్యూజెన్స్, యంగ్, ఫ్రెనెల్ అని మూడు పేర్లు వ్రాసియుండెను. వెలుగు తరంగమని స్థాపించిన ముగ్గురు గురువుల పేర్లవి. హోలోగ్రామున చూడగా అర్థములేని చారలు, మచ్చలు. దానిపై వెలుగును పోనిచ్చి చూడగా ఆ మూడు పేర్లును మరల కానవచ్చెను. ఈ వృత్తాంతము 1948 మే 15వ తేదీన నేచర్ పత్రికలో వెలువడెను.

ఇంతటితో కష్టములు తీరలేదు. ప్రతిబింబమును తీయగానే దాని వెనుక రెండవ ప్రతిబింబమొకటి, నీడవలె, విడువక వచ్చి మొదటిదానిని చెరుపుచుండెను. ఈ కవలబొమ్మను తొలగించుటకు ఆయన పడిన పాట్లు పెక్కు. ఎలక్ట్రానులతో హోలోగ్రాములు తీయుటకు ఆల్డర్‌మాస్టనులో జరిగిన ప్రయత్నములును ఫలింపలేదు. 1955 ప్రాంతమునకు దాదాపు అందరును దీనిని విడిచిరి. తన మార్గము సరియైనదని గాబోరు ఎరుగును. దానిని నడపుటకు తగిన వెలుగు లోకమున లేదు.

1949లో ఆయన లండనులోని ఇంపీరియల్ కాలేజీలో అధ్యాపకుడయ్యెను. 1956లో రాయల్ సొసైటీ సభ్యత్వమును, 1958లో ఆచార్యపదవిని పొంది 1967లో విశ్రాంతి గైకొనెను. భవిష్యత్తును గూర్చి 1963లో ఒక గ్రంథమును వ్రాసి, అణుయుద్ధమును, జనసంఖ్య పెరుగుదలను, పనిలేని తీరికను మానవజాతికి మూడు గండములుగా పేర్కొనెను. మూడవదానిని గూర్చిన ఆయన భయము మాకు అంతగా బోధపడలేదు.

1960లో లేసరు పుట్టెను. సంతలోని కలకలమునకు మారుగా ఒకే తాళమునకు పాడు గాయకబృందము వంటిది లేసరు వెలుగు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయమున రాడారు పనిలోనుండిన ఎమ్మెట్ లీత్, ఆయన సహచరుడు జూరిస్ ఉపాట్నియెక్స్ తెలిసిన తరంగమును ప్రక్కనుండి వాలుగా పోనిచ్చిరి. దానితో కవలబొమ్మ ప్రక్కకు తొలగిపోయెను. 1964లో వారు బొమ్మరైలు నొకదానిని లేసరుతో హోలోగ్రాముగా తీసి వాషింగ్టనులోని శాస్త్రజ్ఞుల సభలో ప్రదర్శింపగా, చూచుటకు బారులు తీరిన పండితులు ఆ రైలు ఎచ్చట దాచబడియున్నదోయని ఫలకము వెనుక వెదకిరట. సోవియట్ దేశమున యూరీ డెనిస్యూక్ 1962లోనే లిప్‌మన్ పద్ధతిని దీనితో జోడించి మరియొక రీతిని సాధించెను. పదునైదేండ్ల నిద్ర యట్లు ముగిసినది.

లేసరు వచ్చిన పిమ్మట అందరును సాధారణపు వెలుగును మరచిరనుకొనరాదు. సూర్యుడు, నక్షత్రములు, దీపములు, రంగు కలిపిన జీవకణములు లేసరులు కావు. సి.సి.యం.బి. వంటి చోట్ల కణములలో ఏ యంశము ఎచ్చట గలదో తెలియుటకు వెలుగునిచ్చు పదార్థములను దాని కంటించి చూతురు. ఆ పదార్థపు ఒక్కొక్క అణువు మిణుగురువలె తన తాళమున తాను మెరయును. లోతు తెలియవలసిన అక్కర మిక్కిలిగా నున్న చోటనే లేసరు హోలోగ్రాము పనికిరాకపోయెను. 1961లో మెర్ట్జ్, యంగ్ అనువారలును, 1965లో జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ లోమన్‌ను, 1966లో కొక్రన్‌ను దీనికి దారి వెదకిరి. వస్తువునందలి ఒక బిందువునకు ప్రక్క బిందువుతో తాళము కుదరకపోయినను, తనతో తనకు కుదురును. ఆ బిందువునుండి వచ్చిన వెలుగునే రెండుగా చీల్చి, రెండు భాగములకు వేరువేరు వంపులిచ్చి మరల కలిపినచో వలయములేర్పడును. వలయముల నడిబిందువు కుడియెడమలను తెలుపును. వలయములు ఎంత దట్టముగా నున్నవో అది లోతును తెలుపును. యుక్తి చక్కనిదే గాని బిందువులు వేలకువేలైనచో, వానచినుకులు పడు చెరువువలె, వలయములన్నియు ఒకదానిపై నొకటి పడి వెలవెలబోవును. ఫలకముతో అంతకు మించి పోవుట వారికి సాధ్యము కాలేదు.

గాబోరు ఈ మార్పుల నన్నిటిని కన్నులార జూచెను. 1971లో నోబెల్ బహుమానము ఆయన కొక్కనికే లభించెను. అప్పటికి ఆయన వయస్సు 71 సంవత్సరములు. టెన్నిసు స్థలమునుండి లెక్కించిన 24 సంవత్సరములు. ఆ యేడే ఒక్క రెప్పపాటు వెలిగి యారు లేసరుతో ఆయన రూపమునే నిలువెల్ల హోలోగ్రాముగా తీసిరి. 1974లో మెదడున రక్తస్రావమై చదువుటకును వ్రాయుటకును శక్తి పోయెను. బాల్యముననే పెనుగ్రంథమును జీర్ణించుకొన్నవానికి ఇది యెంతటి బాధయో వ్రాయజాలము. 1979 ఫిబ్రవరి 9వ తేదీన లండనులో కన్నుమూసెను.

ఆయన చూడనిది ఒకటి మిగిలెను. 2007లో ఇజ్రాయెలుకు చెందిన జోసెఫ్ రోసెన్, అమెరికాకు చెందిన గ్యారీ బ్రూకర్ ఫలకమునకు బదులు ఎలక్ట్రానిక్ కెమెరాను, కంప్యూటరును వాడి సాధారణపు వెలుగుతో హోలోగ్రాములను తీసిరి. చీల్చిన రెండు తరంగములలో నొకదానిని మూడవవంతు తరంగము చొప్పున జరుపుచు మూడు చిత్రములు తీయుదురు. మూటిని గణితముచే కలుపగా, వలయములను ముంచివేయు వెలవెలపాటును, గాబోరును వేధించిన కవలబొమ్మయు రెండును ఒక్కసారిగా తొలగిపోవును. మరుసటి సంవత్సరము వారు సూక్ష్మదర్శినికి ఈ యుపాయమును గూర్చి, తమంత తాము వెలుగునిచ్చు పుప్పొడి రేణువులను తీసిరి. సూక్ష్మదర్శినిని పైకి క్రిందికి కదల్పలేదు. లేసరుతో వరుసగా తడిమి చూడనక్కరలేకపోయెను. పైనున్న రేణువు, దానికి దిగువనున్న రేణువు, అన్నిటికంటె అడుగుననున్న రేణువు, ఒక్కొక్కటియు తన లోతున తాను తేటగా కనబడెను.